బండి పక్కకు నిలిపిన మనిషి

ఆయన చనిపోయాడని నాకు చెప్పింది ఒక ఇన్సూరెన్సు కంపెనీ తరఫున విచారణ చేసే మనిషి. నేను ల్యాబులో నీటి శాంపిళ్ళు చూస్తుండగా ఫోను చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఒక కారు నంబరు చదివి, ఈ కారు డ్రైవరు బండి నడుపుతూ నిద్రపోయాడని క్యాబ్ యాప్‌లో ఒక కంప్లైంటు ఉంది, అది మీరు పెట్టిందేనా అని అడిగాడు.

నాకు ఆ నంబరు వెంటనే గుర్తుకు రాలేదు.

"మైపాడు మనిషి సార్. యాభై దాకా ఉంటుంది వయసు. సన్నగా ఉంటాడు," అన్నాడు. "ఉండేవాడు," అని తనే సరిదిద్దుకున్నాడు.

రెండు నెలల కిందట కొడవలూరు దాటాక, హైవే పక్కన ఆగి ఉన్న ధాన్యం లారీని కారు వెనకనుంచి గుద్దిందట. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు. అప్పుడే ఎవరినో దింపి ఖాళీగా నెల్లూరికి వస్తున్నాడు. రోడ్డు మీద బ్రేకు వేసిన గుర్తు లేదట. "నిద్రపోతూ నడిపే అలవాటు మనిషికి ముందునుంచీ ఉందని తేలితే ఫైలు తొందరగా అయిపోతుంది సార్. మీరు రెండు లైన్లు రాసి సంతకం పెడితే చాలు," అన్నాడు.

పనిలో ఉన్నాను, తర్వాత మాట్లాడతానని ఫోను పెట్టేశాను. ఆగలేనంత పనేమీ లేదు. చేతిలో ఉన్న సీసా నీళ్ళు సింకులో పారబోశాను. అవి ఎవరి చెరువు నీళ్ళో కూడా చూసుకోలేదు.

రొయ్యల రైతులకు చెరువు నీళ్ళు పరీక్ష చేసి చెప్పడం నా వృత్తి. ల్యాబు నెల్లూరులో, చెరువులు సముద్రం వైపు. వారానికి రెండు మూడుసార్లు మైపాడు దారిలో పోవాలి. నాకు కారు నడపడం రాదు. నేర్చుకోబోయి ఒకసారి పక్కింటి ప్రహరీకి గుద్దాక మళ్ళీ ఆ జోలికి పోలేదు. ఫోనులో క్యాబ్ పెట్టుకుంటాను. సొంతూరి వైపు ట్రిప్పు అంటే ఆయన వదిలేవాడు కాదు కాబట్టి, నాలుగుసార్లు పెడితే రెండుసార్లు ఆయనే వచ్చేవాడు. అలా ఒక ఏడాదికి పైగా ఆ మనిషి వెనక కూర్చొని తిరిగాను.

ఫోనులో ఆయన పేరు, ఫొటో కనిపిస్తూనే ఉండేవి. నేను నంబరులో చివరి నాలుగంకెలు చూసుకొని ఎక్కేవాణ్ణి. ఇప్పుడు పేరు తెలుసు. ఇక్కడ మాత్రం రాయను. బతికుండగా ఒక్కసారి కూడా పిలవని పేరును, పోయాక కాగితం మీద వాడుకోవడానికి నాకు మొహం చెల్లడం లేదు. మనసు బాగుంటే "అన్నా" అనేవాణ్ణి. బాగాలేకపోతే "ఏందయ్యా" అనేవాణ్ణి. ఆయన మాత్రం ఎప్పుడూ ఒకేలా "సార్" అనేవాడు.

కారెక్కగానే మొదట కనబడేది మెడ చుట్టూ తడి తువ్వాలు. పక్క సీట్లో నీళ్ళ సీసా. ఎక్కడ బండి ఆగినా తలుపు తీసి, వంగి, తువ్వాలు తడిపి, పిండి మళ్ళీ వేసుకునేవాడు. చొక్కా కాలరు ఎప్పుడూ తడిగా, రంగు వెలిసి ఉండేది. కుడికాలి చెప్పు విప్పి సీటు కిందికి తోసి ఉత్తి కాలితో తొక్కేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను.

"చెప్పుంటే కాలికి మెత్తగా ఉంటాది సార్. మొదట కాలికే నిద్రొస్తాది, ఆ తర్వాతే కంటికి," అన్నాడు.

చొక్కా జేబులో చిన్న డబ్బా ఉండేది. తమలపాకుల్లోకి వాడే సున్నం డబ్బా అంత. అందులో కాఫీపొడి. పాలు లేవు, చక్కెర లేదు. వేలితో చిటికెడు తీసి నాలుక మీద వేసుకొని మొహం చేదుగా పెట్టి, కళ్ళు పెద్దవి చేసేవాడు. నాకూ ఒకసారి డబ్బా చాపాడు. వద్దని చెయ్యి ఊపాను.

ఊళ్ళ మధ్యనుంచి పోతున్నప్పుడు బోర్డులన్నీ పైకి చదివేవాడు. "ఎరువుల కొట్టు. ఫొటోలు తీయబడును. పంక్చర్ షాపు. మేకప్ మరియు మెహందీ." కొత్త బోర్డు వస్తే రెండుసార్లు చదివేవాడు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత చిరాకు పుట్టేది. అన్నింటికంటే చిరాకు పుట్టించింది ఇంకో మాట. ఇందుకూరుపేట దాటి రోడ్డు ఖాళీ కాగానే అద్దంలోంచి నన్ను చూసి, "ఏమన్నా మాట్లాడండి సార్," అనేవాడు.

"ఏం మాట్లాడాలి?"

"ఏదైనా సరే. మీ రొయ్యల సంగతి చెప్పండి. మా అక్క కొడుకు చెరువేసి ఉండాడు, వాడికి చెప్తా."

నేను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవాణ్ణి. డ్రైవర్లకు కబుర్ల పిచ్చి అని ఇంట్లో నా భార్యతో అన్నాను కూడా. ఆ మనిషి కబుర్లు అడగడం లేదని, సాయం అడుగుతున్నాడని నాకు తట్టలేదు. ఇది రాసుకున్నంత తేలికైన మాట కాదు. తట్టలేదా, తట్టినా తోసేశానా అని ఇప్పుడు నన్ను నేను అడుగుతున్నాను. ఎందుకంటే ఆయనే ఒకరోజు విడమరిచి చెప్పాడు.

ఆయన అంతకుముందు ఇరవై ఏళ్ళు సముద్రం మీద వేటకు పోయినవాడు. మోకాలు పాడై పడవ వదిలేసి కారు పట్టుకున్నాడు. ఆ రోజు ఇయర్‌ఫోన్ల చార్జింగ్ అయిపోయి నేను ఖాళీగా కూర్చున్నాను.

"పడవలో అయితే నలుగురం ఉంటాం సార్," అన్నాడు. "ఒకడికి కళ్ళు మూతలు పడితే ఇంకొకడు చుక్కాని పట్టుకుంటాడు. వాడు పనుకొని లేస్తాడు. ఎవురూ ఏమనుకోరు. ఈడ నేనొక్కణ్ణే. నేను పనుకుంటే బండి పనుకున్నట్టే."

"మరి ఇంటికి పోయి నిద్రపోవచ్చు కదన్నా."

"పనుకుందామనే పోతా. ఫోను పనుకోనీదు. ఇంకొక్క ట్రిప్పు, ఇంకొక్క ట్రిప్పు అంటా కూస్తానే ఉంటాది. ఎత్తకపోతే మళ్ళీ రెండు రోజులు మన పక్క చూడదు."

నేను ఊఁ కొట్టాను.

ఇక నేను చేసిన పని.

వేసవి మొదలైన రోజులు. మైపాడులో ఒక రొయ్యల మేత కంపెనీ వాళ్ళు టెక్నీషియన్లకు మీటింగ్ పెట్టారు. భోజనాలయ్యాక రెండున్నరకు మొదలవుతుందన్నారు. నేను ఇంట్లోనే తిని బయలుదేరాను. ఆయన వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముందురోజు సాయంత్రం ఒక కుటుంబాన్ని చెన్నై ఎయిర్‌పోర్టులో దింపి, అక్కణ్ణుంచి ఇంకో కుటుంబాన్ని తీసుకొని పొద్దున నెల్లూరు వచ్చి, ఇంటికి పోకుండా ఊళ్ళోనే నాలుగు ట్రిప్పులు తిరిగాడట. ఇంటివైపు పోయే ట్రిప్పు కదా అని నాది తీసుకున్నాడు. నన్ను దింపితే ఇల్లు ఐదు నిమిషాల దూరం.

సగం దారిలో బోర్డులు చదవడం ఆపేశాడు. నా ప్రాణానికి హాయిగా ఉంది. ఎండ మెరిసిపోతోంది, కారులో చల్లగా ఉంది, నాకే కునుకు వస్తోంది. సరుగుడు తోపు పక్కకు వచ్చేసరికి కారు మెల్లగా రోడ్డు దిగి నీడలో ఆగింది. లైట్లు వెలిగి ఆరుతూ ఉండేలా పెట్టాడు. వెనక్కి తిరిగాడు.

"సార్, పది నిమిషాలు. కళ్ళు నిలబళ్ళా. నేనొక్కణ్ణే అయితే ఎట్టో ఈడ్చేవాణ్ణి. బండిలో మీరుండారు గదా."

"అన్నా, నాకు లేటవుతుంది. అక్కడ చెరువులో రొయ్యలు పైకి తేలుతున్నాయని ఫోను మీద ఫోను," అన్నాను.

అది అబద్ధం. ఆ రోజు ఏ చెరువులోనూ ఏ రొయ్యా తేలలేదు. మీటింగ్ కూడా గంట ఆలస్యంగా మొదలైంది.

"పదే నిమిషాలు సార్," అని సీటు వెనక్కి వాల్చి తువ్వాలు మొహం మీద కప్పుకున్నాడు. కప్పుకుంటూనే నిద్రపోయాడు. అంత తొందరగా నిద్రలోకి పోయిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

కారు దిగి ఎండలో నిలబడ్డాను. ఒళ్ళు మండిపోతోంది. ఫోను తీశాను. యాప్‌లో, ప్రయాణంలో ఏమైనా ఇబ్బంది ఉందా అని ఒక గుర్తు ఉంటుంది. నొక్కితే వరసగా మాటలు వచ్చాయి. ఏసీ వెయ్యలేదు. దారి మార్చాడు. మర్యాదగా లేడు. నడుపుతూ నిద్రపోయాడు. రోడ్డు దిగి, బండి పక్కకు నిలిపి, చెప్పి మరీ నిద్రపోయాడు అనే మాట ఆ వరసలో లేదు. అన్నింటికంటే కింద, మీ మాటల్లో రాయండి అని ఖాళీ గడి ఉంది. దాన్ని చూశాను. బద్ధకించి వదిలేశానని చాలా రోజులు అనుకున్నాను. బద్ధకం కాదు. గట్టిగా తగలాలనుకున్నాను. 'నడుపుతూ నిద్రపోయాడు' మీద వేలు పెట్టాను. ఐదు చుక్కలకు ఒక్క చుక్క ఇచ్చాను. తర్వాత అద్దం మీద వేళ్ళతో కొట్టి ఆయన్ని లేపాను.

ఆ తర్వాత పది రోజులు ఆయన నా ట్రిప్పులకు రాలేదు. వేరేవాళ్ళు వచ్చారు. నాకు తేడా తెలియలేదు. పదకొండో రోజో పన్నెండో రోజో ల్యాబు గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ కనబడ్డాడు. మెడలో తువ్వాలు పొడిగా ఉంది. గొడవకు వచ్చాడనుకున్నాను.

లోపలికి వచ్చి గోడకు ఆనుకొని నిలబడ్డాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఎవురో నా మీద పెట్టినారంట సార్, నడపతా నిద్రపోయినా అని. బండి బ్లాక్ చేసినారు. ఎవురనేది చెప్పరంట. ఎయిర్‌పోర్టు కాడ ఎక్కిన కుటుంబం అనుకుంటా. వాళ్ళతో పసిబిడ్డ ఉండింది, నేను రెండుసార్లు ఆవలించినా. భయపడుంటారు పాపం." కాసేపు నేల చూసి, "మీరు నన్ను చాన్నాళ్ళుగా చూస్తుండారు గదా. నా గురించి రెండు మాటలు రాసిస్తారా? ఆఫీసులో చూపిస్తా," అన్నాడు.

నా బల్ల మీద తెల్లకాగితాలు ఉన్నాయి. పెన్ను జేబులో ఉంది. రాయడానికి రెండు నిమిషాలు పట్టదు. అంతకన్నా తక్కువ సేపట్లో, అది నేనే అని చెప్పి ఫోను తీసి ఆ మాట మార్చవచ్చు. నేను చెప్పింది ఇది: "వాళ్ళు ఇలాంటి లెటర్లు చూడరన్నా. కొన్నాళ్ళు పోతే వాళ్ళే తీసేస్తారు."

"అంతేనంటారా."

"అంతే."

నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి, వెళ్ళిపోయాడు.

నిజంగానే కొన్నాళ్ళకు బ్లాక్ తీశారు. కానీ చుక్కలు తగ్గిన డ్రైవరుకు మంచి ట్రిప్పులు రావు. ఎవరూ తీసుకోక మిగిలినవి, దూరపువి, వేళకానివి వస్తాయి. అవి చేసి చేసి మళ్ళీ పైకి రావాలి. ఇది నాకు అప్పుడు తెలియదు. అడిగి తెలుసుకున్నది ఇప్పుడు.

ఆయనతో నా ఆఖరి ప్రయాణం జూన్‌లో. ఆయన వస్తున్నాడని ఫోనులో చూసి రద్దు చేద్దామనుకున్నాను. చేస్తే ఏమనుకుంటాడోనని ఎక్కాను. మనిషి బాగా చిక్కిపోయాడు. కాఫీపొడి డబ్బా ఇప్పుడు జేబులో కాదు, గేరు దగ్గరే మూత లేకుండా ఉంది. ఊరు దాటాక ఎడంచేత్తో చెంప మీద కొట్టుకోవడం చూశాను. ఒకసారి కాదు. అద్దంలో ఆయన కళ్ళు కనిపిస్తున్నాయి. రెప్పలు దిగడం, ఉలిక్కిపడి లేవడం. కారు ఎడమ వైపు చక్రాలు రోడ్డు దిగి మట్టిలో గరగరమన్నాయి. సర్దుకొని మళ్ళీ ఎక్కించాడు.

"ఏమన్నా మాట్లాడండి సార్," అన్నాడు.

ఆ రోజు మాట్లాడాను. తలుపు పైన పిడి పట్టుకొని, ఆపకుండా మాట్లాడాను. రొయ్యకు పెంకు ఎందుకు మెత్తబడుతుందో, వానకు చెరువు నీళ్ళు ఎలా మారతాయో, సున్నం ఎప్పుడు చల్లాలో. గొంతు ఎండిపోయేదాకా చెప్పాను. ఆయన ఊఁ ఊఁ అంటూ విన్నాడు. బండి నిలిపి కాసేపు పడుకో అన్నా అనే మాట ఒక్కటి నా నోట్లోంచి రాలేదు. నిలపడం అనే మాట ఎత్తితే వెనకటి సంగతి బయటికొస్తుందని భయం. సరుగుడు తోపు నీడ కారు మీదినుంచి జారిపోయింది. ఆయన అటు చూడలేదు.

చెరువు గట్టు దగ్గర దిగాను. ఆయన కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఈరోజు యాడా నిలపలా సార్," అన్నాడు.

వెక్కిరింపు కాదు. మెచ్చుకుంటానేమో అన్నట్టు చెప్పాడు. నేను నవ్వి తల ఊపాను. గట్టు మీద నిలబడి ఫోను తీసి ఐదు చుక్కలు ఇచ్చాను. ఆయన చేసిన మంచి పనికి ఒక చుక్క, చేయకూడని పనికి ఐదు. ఆ తర్వాత మూడు వారాలకు ఆయన పోయాడు. రెండు నెలలు ఆయన ఫొటో ఫోనులో రాకపోయినా నేను గమనించలేదు.

విచారణ మనిషి మూడు రోజుల తర్వాత మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి వచ్చి తీసుకుపొమ్మన్నాను. రాసి ఉంచిన కాగితం ఇచ్చాను. ఆ రోజు ఆ డ్రైవరు నడుపుతూ నిద్రపోలేదని, నిద్ర వస్తోందని నాకు చెప్పి బండి రోడ్డు దించి నిలిపాడని, నేను కోపంతో అబద్ధపు కంప్లైంటు పెట్టానని రాశాను. చదివి, "సార్, ఇది మీకే ఇబ్బంది. రేపు కోర్టులో చెప్పాల్సి రావచ్చు," అన్నాడు. చెప్తానన్నాను. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు కానీ దాన్ని లెక్కలోకి తీసుకుంటారో లేదో చెప్పలేనన్నాడు. ఇప్పటికీ తేలలేదు.

దాని నకలు ఒకటి తీసుకొని ఆదివారం మధ్యాహ్నం మైపాడు పోయాను. బస్సులో పోయాను. ఇల్లు అడిగితే వలలు ఆరేసిన వీధి చూపించారు. ఆయన భార్య వాకిట్లో చేపలు ఎండబెట్టిన చాప మీద కాకులు వాలకుండా కాపలా కూర్చొని ఉంది. ఎవరని అడిగింది. ల్యాబు పేరు చెప్పాను.

"రొయ్యల సారా? చెప్తుండేవాడు," అని లేచి కుర్చీ వేసింది. "ఆ సార్ బండెక్కితే మాటలు చెప్తాడు, నిద్ర రాదు అనేవాడు."

ఒక్కరోజు మాట్లాడినదాన్ని ఆయన ఇంటికి తెచ్చుకొని ఇలా చెప్పుకున్నాడన్నమాట. నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. కాగితం ఆమె చేతికిచ్చాను. "ఇది చదవండక్కా. నాకు నోటితో చెప్పడం చేతకావడం లేదు," అన్నాను.

ఆమె వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, మాట మాటా చదివింది. మధ్యలో ఒకచోట ఆగి వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ఒక కాకి వచ్చి చాప అంచున వాలింది. ఆమె తోలలేదు.

"ఎంతసేపు పనుకున్నాడు సార్, ఆ రోజు?" అని అడిగింది.

"పది నిమిషాలు అడిగాడు. నాలుగు కూడా కాలేదు. నేను లేపాను."

"లేపితే కోప్పడినాడా?"

"లేదక్కా. ఏమీ అనుకోవద్దు సార్ అన్నాడు."

"దానికి మీరేమన్నారు?"

అది కాగితంలో రాయలేదు.

"తొందరగా పోనివ్వమన్నాను."